నలుగురం ఇటలీ వెళ్తున్నాం, తిరిగొచ్చాక కూడా మాట్లాడుకోవాలి

ప్రశ్న: మేం నలుగురం డిగ్రీ క్లాస్‌మేట్లం. వచ్చే ఏడాది అందరికీ యాభై నిండుతాయి. పిల్లలు, భర్తలు లేకుండా ఒక్కసారైనా కలిసి తిరగాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాం. ఈసారి ఇటలీ అని ఖాయం చేసుకున్నాం. దసరా సెలవుల్లో 9 రోజులు. నేను విజయవాడలో జూనియర్ లెక్చరర్‌ని. ఒకామె బెంగళూరులో సాఫ్ట్‌వేర్, ఒకామె డల్లాస్‌లో ఉంటుంది, ఇంకొకామె వరంగల్ దగ్గర గవర్నమెంట్ స్కూల్లో టీచర్. బెంగళూరు ఫ్రెండ్ ఎక్సెల్ షీట్ పంపింది. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, మిలన్, చివర్లో చింక్వె టెర్రె అనే సముద్రం ఒడ్డు పల్లెలు. నాకేమో ఒక పాత ఊళ్లో నిదానంగా తిరిగి, సముద్రం ఒడ్డు పల్లెల్లో ఊరికే కూర్చోవాలని ఉంది. వరంగల్ ఫ్రెండ్ ఏది అడిగినా "మీ ఇష్టమే నా ఇష్టం" అంటుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. డబ్బుకి కూడా ఇబ్బందే, నాకు తెలుసు. మొన్న డల్లాస్ ఫ్రెండ్ "దాని ఖర్చు నేను పెట్టుకుంటాలే" అని వాట్సాప్ గ్రూపులోనే అనేసింది. అప్పటినుంచి వరంగల్ ఫ్రెండ్ గ్రూపులో నోరు మెదపడం లేదు. టికెట్లు ఇంకా కొనలేదు. ఇన్నేళ్ల స్నేహం ఈ ట్రిప్పుతో చెడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పైగా మావారు "నలుగురు ఆడవాళ్లు ఒంటరిగానా?" అని రోజూ అంటున్నారు. ఏం చేయమంటారు?
(పేరు రాయొద్దన్నారు, విజయవాడ)

జవాబు: టికెట్లు కొనలేదు కదా, మంచిపని చేశారు. ఇంకో రెండు వారాలు కొనకండి.

ముందు వరంగల్‌కి ఫోన్ చేయండి. గ్రూపులో కాదు, విడిగా. అడగాల్సిన మాట ఒక్కటే: "ఏమే, ఎంతలో అయితే నీకు మనసులో బరువు లేకుండా ఉంటుందో చెప్పు. ఆ లెక్కకే ప్లాన్ వేస్తాను." రావడం కుదురుతుందా అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే ఆమె మర్యాదకి కుదరదు అనేస్తుంది, కథ అక్కడితో అయిపోతుంది. అంకె అడగండి. ఆమె చెప్పిన అంకె చుట్టూనే ట్రిప్పు కట్టండి, ఆ అంకె ఎవరిదో మిగతా ఇద్దరికీ చెప్పకండి. "నా బడ్జెట్ ఇంతే" అని మీరే ముందుకొచ్చేయండి. లెక్చరర్ జీతం ఎంతో వాళ్లకీ తెలుసు, నమ్ముతారు.

డల్లాస్ ఆవిడది చెడ్డ మనసు కాదు. అయితే ఒక మనిషి ఖర్చు తాను భరిస్తానని నలుగురిలో అనడం, ఆ మనిషిని నలుగురిలో పేదదాన్ని చేసినట్టే. ఈ సంగతి ఆమెకు మీరే చెప్పాలి. ఆమె వరంగల్‌కి సొంతంగా ఫోన్ చేసుకుంటే చాలు, గ్రూపులో సారీలు పెట్టించకండి, అది ఇంకా ఇబ్బంది. ఆమెకు నిజంగా ఖర్చు పెట్టాలని ఉంటే దానికో దారుంది: అందరికీ కలిపి ఒక వస్తువు ఆమె కొనొచ్చు. ఉదాహరణకి, చిన్న ఇల్లు బదులు లిఫ్టు, రెండు బాత్‌రూములు ఉన్న ఇల్లు తీసుకుని ఆ తేడా ఆమె కట్టొచ్చు. అప్పుడు ఆమె పెట్టింది నలుగురి మీదా పెట్టినట్టవుతుంది, తల వంచుకోవాల్సిన వాళ్లు ఎవరూ ఉండరు. నలుగురు యాభై ఏళ్ల ఆడవాళ్లకి ఒకే బాత్‌రూము ఉంటే పొద్దున్నే ఏమవుతుందో నేను చెప్పాలా?

ఇంకో మాట. వీసాకి ఎవరి బ్యాంకు స్టేట్‌మెంట్ వాళ్లు పెట్టాలి. కాబట్టి ఈ డబ్బు సంగతి దాచినా ఆ రోజు బయటపడేదే. ఇప్పుడే తేలితే నయం.

తర్వాత తేదీలు. దసరా సెలవులు అన్నారు. సెలవులకి సెలవులే గానీ, వరంగల్ మనిషిని సద్దుల బతుకమ్మ రోజున ఇటలీలో కూర్చోబెడుతున్నారని మీలో ఒక్కరికైనా తట్టిందా? ఆమె చెప్పదు, ఎలాగూ "మీ ఇష్టమే" కదా. అదీగాక, మీరు వెళ్లాలనుకుంటున్న, చింక్వె టెర్రె ఉన్న లిగూరియా తీరంలో శరదృతువు అంటే కుండపోత వానల కాలం. 2011 అక్టోబర్ 25న ఆ వానలకే వెర్నాత్సా, మోంతెరోస్సో అనే రెండు పల్లెల్లోకి కొండ మీది బురద, రాళ్లు వచ్చి పడ్డాయి, మనుషులు పోయారు. ఏటా అలా జరుగుతుందని కాదు, కానీ ఎంచుకునే వీలున్నప్పుడు ఆ నెల ఎందుకు? మే నెల మొదటి సగం చూడండి. మీ ఇంటర్ పేపర్లు, ఆమె టెన్త్ స్పాట్ వాల్యుయేషన్ అప్పటికి అయిపోయి ఉంటాయి, ఇద్దరికీ వేసవి సెలవులే. అక్కడ ఏప్రిల్ 25, మే 1 సెలవు రోజులు, ఊళ్లకి ఊళ్లు కదిలి సముద్రం దగ్గరికి వస్తాయి. అవి దాటాక బయల్దేరండి. నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి. మీరు ఈతకొట్టేది లేదు కాబట్టి పర్వాలేదు.

ఇప్పుడు ఆ ఎక్సెల్ షీటు. 9 రోజుల్లో ఐదు చోట్లు అంటే పెట్టె సర్దడం, స్టేషన్, పెట్టె విప్పడం. ఒక్కో మార్పుకీ సగం రోజు పోతుంది. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి వెనిస్ వంతెనల మెట్ల మీద పెట్టె ఈడ్చుకుంటూ వెనకబడుతుంది, ముందు వెళ్లేవాళ్లు ఆగి చూస్తుంటారు, ఆమె సారీ అంటుంది. రోజుకి పదిసార్లు సారీ చెప్పించుకునే స్నేహం మూడో రోజుకే కందిపోతుంది. స్నేహితులు ఇలాంటి చోటే గొడవపడతారు, మైకెలాంజెలో గురించి ఎవరూ పోట్లాడుకోరు.

నా సలహా: రెండే మకాములు. అదే తీరంలోని రేవు నగరం జెనోవాలో నాలుగు రాత్రులు, సెస్త్రి లెవాంతె అనే చిన్న పట్నంలో నాలుగు రాత్రులు. విమానం మిలన్‌కి తీసుకోండి, అక్కణ్నుంచి జెనోవా రైల్లో రెండు గంటల లోపే.

జెనోవా ఎందుకంటారా? రోమ్, వెనిస్‌లతో పోలిస్తే అక్కడ జనం తక్కువ, ఖర్చు తక్కువ, ఊరు మాత్రం వాటికి తీసిపోదు. ఒకప్పుడు వెనిస్‌తో సముద్రం కోసం కత్తులు దూసిన రాజ్యం అది. పాతపేటలో సందులని "కరుజ్జి" అంటారు. రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకైనవీ ఉన్నాయి. ఆ సందుల్లోంచి ఒక్క మలుపు తిరిగితే గరిబాల్ది వీధి, రెండు వైపులా మహళ్లు. ఈ మహళ్ల కథ మీకు నచ్చుతుంది. జెనోవా రిపబ్లిక్‌కి రాజు లేడు కాబట్టి రాజమహలూ లేదు. మరి పొరుగు రాజులు, రాయబారులు వస్తే ఎక్కడ దింపాలి? అందుకని 1576లో ఒక జాబితా రాశారు: ఫలానా స్థాయి అతిథి వస్తే ఫలానా షావుకారు ఇంట్లో విడిది. ఆ జాబితాల పేరు "రోల్లి". ఆ మహళ్లలో 42 ఇళ్లని 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. రెండు మూడు ఇప్పుడు మ్యూజియంలు. పగనీని వాయించిన వయొలిన్ అందులో తుర్సి మహల్లో ఉంది. బెంగళూరు ఆవిడ ఫ్లోరెన్స్ పోయిందని బాధపడితే ఆమెని ఈ వీధిలో ఒక పూట వదిలేయండి.

సాన్ లొరెంత్సో కెథెడ్రల్లో ఒక మూలకి ఫిరంగి గుండు నిలబెట్టి ఉంటుంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ యుద్ధనౌకలు సముద్రం మీంచి ఊరిని కాల్చినప్పుడు గోడ చీల్చుకుని లోపలికొచ్చి పడింది, పేలలేదు. ఊరివాళ్లు దాన్ని అక్కడే ఉంచేశారు. చెప్పకపోతే చూడకుండా దాటిపోతారు, అందుకే చెబుతున్నాను. పాత రేవుని 1992లో, కొలంబస్ ప్రయాణానికి 500 ఏళ్లు నిండిన సందర్భంగా, అదే ఊరివాడైన ఆర్కిటెక్ట్ రెంత్సో పియానో తిరిగి తీర్చిదిద్దాడు. సాయంత్రం అక్కడ కూర్చోవడానికి టికెట్ అక్కర్లేదు.

మోకాళ్లకి జెనోవా ఒక విధంగా కష్టం, ఒక విధంగా సుఖం. ఊరంతా కొండ. కానీ ఆ కొండ ఎక్కడానికి సిటీ బస్సుల్లాగే పబ్లిక్ లిఫ్టులు, తాడు రైళ్లు నడుపుతారు. పోర్తెల్లో చౌకు నుంచి లిఫ్టు ఎక్కితే కస్తెల్లెత్తో మీదికి చేరతారు, పలకరాయి కప్పులు, రేవు, దీపస్తంభం అన్నీ కాళ్ల కింద. ఒక్క మెట్టు ఎక్కక్కర్లేదు. నెర్వి అని ఇంకో పేట ఉంది, ఊళ్లోంచే లోకల్ రైలు. అక్కడ రాళ్ల అంచున, అలల పక్కనే దాదాపు రెండు కిలోమీటర్ల నడకబాట. పెద్దగా ఎత్తుపల్లాలుండవు. మీ వరంగల్ ఫ్రెండ్‌కి నేను రాసిచ్చే సాయంత్రం అదే. బొక్కదాస్సె అని జెనోవాలోనే కలిసిపోయిన పాత జాలరి పల్లె కూడా ఉంది, సిటీ బస్సులో వెళ్లి రాళ్ల ఒడ్డున ఐస్‌క్రీమ్ తిని వచ్చేయొచ్చు.

ఇల్లు బుక్ చేసేటప్పుడు "లిఫ్టు ఉందా?" అని రాతపూర్వకంగా అడగండి. ఫొటోల్లో పాలరాతి మెట్లు అందంగా కనబడితే అనుమానించండి. పాతపేట ఇళ్లల్లో అంతస్తుల ఎత్తు మన అపార్ట్‌మెంట్లకంటే చాలా ఎక్కువ, వాళ్ల రెండో అంతస్తు మన నాలుగో అంతస్తంత ఉంటుంది. బ్రిన్యోలె స్టేషన్ చుట్టుపక్కల తీసుకుంటే నేల చదునుగా ఉంటుంది, తూర్పు వైపు పల్లెలకి రైలు అక్కడే ఎక్కొచ్చు.

ఇక పల్లెలు. మీరు పంపిన ఫొటోలు చింక్వె టెర్రెవి. ఐదు పల్లెలు, కొండకి అతుక్కున్నట్టున్న రంగు రంగుల ఇళ్లు, 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. అందంలో వంక పెట్టలేం. నిశ్శబ్దం మాత్రం అక్కడ పగలు దొరకదు. పక్కనున్న స్పేత్సియా ఊరి రేవులో క్రూయిజ్ ఓడ ఆగిన రోజు, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగైదు దాకా ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే సందుండదు. అందుకే అక్కడ మకాం వద్దంటున్నాను. రోజు మొత్తం కూడా వద్దు. ఒక మధ్యాహ్నం మూడున్నర తర్వాత బయల్దేరి, రెండే పల్లెలు చూడండి. మోంతెరోస్సోలో సముద్రం పక్క నేల చదును. వెర్నాత్సాలో స్టేషన్ నుంచి ఒకే వీధి, మెల్లగా వాలుగా రేవులోకి దిగుతుంది. కొర్నీల్యా జోలికి పోకండి, స్టేషన్ నుంచి ఊళ్లోకి దాదాపు 380 మెట్లు. షటిల్ బస్సు ఉంది గానీ దాని కోసం నిలబడే క్యూ కూడా ఉంది. కొండబాటల మీద నడవాలని బెంగళూరు ఆవిడకి ఉంటే వెళ్లనివ్వండి, బూట్లతో. హవాయి చెప్పులతో ఎక్కితే నేషనల్ పార్కు వాళ్లు జరిమానా వేయొచ్చు.

ఆ సాయంత్రానికి మకాం సెస్త్రి లెవాంతె. మోంతెరోస్సో నుంచి రైల్లో అరగంట, జెనోవా నుంచి గంట. సముద్రంలోకి చొచ్చుకెళ్లిన సన్నటి నేల మీద పాత ఊరు, అటు ఒక ఒడ్డు, ఇటు ఒక ఒడ్డు. చిన్న ఒడ్డుకి పేరే నిశ్శబ్దపు తీరం, "బాయా దెల్ సిలెంత్సియో". ఆగస్టులో ఆ పేరు వింటే నవ్వొస్తుంది గానీ, మే నెల మధ్యలో, మామూలు వారం రోజుల్లో, పొద్దున్నే వెళితే ఆ పేరు నిజమే. ముఖ్యంగా ఊరు చదును. స్టేషన్ నుంచి పెట్టె లాక్కుంటూ నడిచే వెళ్లొచ్చు. పల్లె కాదు, చిన్న పట్నం. మందుల షాపు, సూపర్‌మార్కెట్, ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఆగే స్టేషన్ ఉన్నాయి. యాభై ఏళ్లప్పుడు ఇవి కూడా చూసుకోవాలి.

నాకు ఇష్టమైన పల్లె కమోల్యి. ఒక రోజు అంతా దానికి ఇవ్వండి. 19వ శతాబ్దంలో తెరచాప ఓడలకి పేరుపడ్డ ఊరు. రేవు పక్కన ఆరేడు అంతస్తుల ఇళ్లు, పసుపు, ఎరుపు, ఇటుక రంగు. దగ్గరికెళ్లి చూస్తే ఆ గోడల మీద సగం కిటికీలు అబద్ధం. చెక్కిన రాయి, చట్రం, ఆకుపచ్చ తలుపులు, కింద నీడ, అన్నీ రంగుతో వేసినవి. ఏది నిజమైన కిటికీయో పోల్చుకోవాలంటే ఒకటే గుర్తు, దానికింద బట్టలు ఆరేసి ఉంటాయి. అక్కణ్నుంచి పడవలో అరగంటలో సాన్ ఫ్రుత్తువోసో. కొండల మధ్య చిన్న మడుగులాంటి చోట పాత మఠం, దాని ముందు గులకరాళ్ల ఒడ్డు. రోడ్డు లేదు. పడవలో రావాలి, లేదంటే కొండెక్కి గంటల తరబడి నడవాలి. ఆ నీళ్ల అడుగున, దాదాపు 17 మీటర్ల లోతులో, 1954లో నిలబెట్టిన క్రీస్తు విగ్రహం చేతులు పైకెత్తి ఉంటుంది. ఈతగాళ్లకే కనిపిస్తుంది, మీరు తలుచుకోవడమే. వెళ్లగానే చేయాల్సిన పని, తిరుగు పడవల్లో చివరిది ఎన్నింటికో బోర్డు ఫొటో తీసుకోవడం. గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు, కాబట్టి దీన్ని ఆఖరి రోజుకి పెట్టుకోకండి. ఇంకో హెచ్చరిక: మే రెండో ఆదివారం కమోల్యిలో చేపల పండగ. పెద్ద బాణలిలో వేలమందికి చేపలు వేయిస్తారు. డల్లాస్ ఆవిడ ఎగిరి గంతేస్తుంది, వరంగల్ ఆవిడకి ఆ వాసనకే తల తిరుగుతుంది. ఆ రోజు ఇద్దర్నీ వేరు చేయండి.

తిండి దగ్గర మీరు ఊహించినంత కష్టం లేదు. ఇటలీలో ఏ మూలకి వెళ్లినా గుడ్డు తినని శాకాహారికి ఇంతకంటే తేలికైన చోటు నాకు తట్టదు. ఫరినాత అని ఉంటుంది. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. శనగపిండితో పలచగా వేసిన దిబ్బరొట్టె అనుకోండి. అంచులు కరకరలాడతాయి, మధ్యలో మెత్తగా ఉంటుంది. కొట్టువాడు పెద్ద కత్తితో ముక్కలు కోసి కాగితంలో పెట్టిస్తాడు, మీద మిరియాల పొడి చల్లుకుని వేడిమీదే తినాలి, చల్లారితే ఏమీ బాగుండదు. కొన్నిచోట్ల చిన్న చేపలు వేసింది కూడా పక్కనే ఉంటుంది, అడిగి తీసుకోండి. ఫొకాచ్చా పొద్దున టిఫిన్‌కి. మామూలుగా ఆలివ్ నూనెతోనే చేస్తారు, అయినా "స్త్రుత్తో?" అని అడగమనండి. అంటే పంది కొవ్వు, కొందరు పిండిలో కలుపుతారు. త్రోఫియె అనే మెలికల పాస్తాలో మామూలుగా గుడ్డు ఉండదు, పిండీ నీళ్లే. దాన్ని పెస్తోతో ఇస్తారు. పెస్తో పుట్టిల్లు ఆ ఊరే. కానీ పెస్తోలో పడే పార్మిజాన్ చీజ్ కోసం పాలని దూడ పొట్టలోంచి తీసే పదార్థంతో విరగ్గొడతారు. ఇది ఆమెకు ముందే చెప్పండి, తినాలా వద్దా ఆమె తేల్చుకుంటుంది. అక్కడ తిన్నాక చెప్పడం పాపం. పిజ్జాల్లో "మరినారా" అడగమనండి. పేరు చూస్తే సముద్రం గుర్తొస్తుంది గానీ, అందులో చేపా లేదు, చీజూ లేదు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో. మార్కెట్లో బచ్చలికూర కూరిన రొట్టెలా కనిపించే "పాస్కువలీనా" మాత్రం వద్దు, లోపల గుడ్లు దాగుంటాయి.

వంటిల్లు ఉన్న ఇల్లే తీసుకోండి. బియ్యం అక్కడ దొరుకుతాయి, రైస్ కుక్కర్ మోయకండి. పొడులు, ఆవకాయ చెక్ఇన్ పెట్టెలో వేసుకోవచ్చు. నెయ్యి, పాలకోవా, పెరుగు వద్దు, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా అంతే.

హోటల్ బిల్లులో "కొపెర్తో" అని తలకి రెండు మూడు యూరోలు పడితే గొడవ పెట్టుకోకండి, అది కూర్చున్నందుకు వేసేది, మోసం కాదు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. బస చేసిన చోట మనిషికి రాత్రికి ఇంత అని ఊరి పన్ను విడిగా తీసుకుంటారు. ఇవన్నీ మూడురోజులకోసారి నలుగురూ సమానంగా వేసే ఉమ్మడి పర్సులోంచి పోవాలి: ఇల్లు, రైలు, కూరగాయలు, కాఫీ. షాపింగు, పెద్ద రెస్టారెంట్లు ఎవరివి వాళ్లవి. ఆ పర్సు వరంగల్ ఆవిడ చేతికివ్వండి. క్లాసులో నలభైమంది పిల్లల మధ్యాహ్న భోజనం లెక్క చూసే మనిషికి నలుగురి లెక్క ఎంత? పైగా పర్సు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు "మీ ఇష్టం" అని తప్పించుకోలేరు.

రైళ్లకి ముందే బుక్ చేయక్కర్లేదు, ఆ తీరం వెంట తిరిగే ప్రాంతీయ రైళ్లకి టికెట్ అప్పటికప్పుడు కొన్నా ధర పెరగదు. కానీ కాగితం టికెట్ కొంటే, రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గర మిషన్లో గుచ్చి తేదీ ముద్ర వేయించుకోవాలి. టికెట్ ఉండీ ముద్ర లేకపోతే జరిమానా కట్టాల్సిందే, "తెలీదు సార్" పనిచేయదు. ఫోన్లో కొన్నవాటికి ఎక్కే ముందు చెక్ఇన్ నొక్కాలి. సమ్మెలు ఎక్కువ, "షోపెరో" అన్న మాట కనబడితే ఆగి చదవండి. సమ్మె రోజున కూడా మామూలు పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రైళ్లు తప్పకుండా నడుపుతారు. కారు అద్దెకి తీసుకుందామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పాతపేటల్లోకి బయటి కార్లు రాకూడదు, కెమెరా ఫొటో తీస్తుంది, జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది.

ఒక నియమం బయల్దేరే ముందే పెట్టుకోండి. రైలు ఆగేది నిమిషమో రెండు నిమిషాలో, జనంలో ఒకరు ఎక్కలేకపోవచ్చు. అప్పుడు ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్లో దిగి అక్కడే నిలబడాలి. మిగిలిపోయిన మనిషి తర్వాతి రైల్లో అక్కడికి రావాలి. ఎవరూ వెనక్కి రాకూడదు. ఇలా అనుకోకపోతే ఇద్దరు ఇటు, ఇద్దరు అటు తిరుగుతూ ఒకరినొకరు తిట్టుకుంటారు.

రోజంతా నలుగురూ కలిసే తిరగాలన్న పట్టు కూడా వదిలేయండి. పొద్దున టిఫిన్ కలిసి, రాత్రి భోజనం కలిసి. మధ్యలో ఎవరికి కావాల్సింది వాళ్లు. మధ్యలో ఒక రోజు పూర్తిగా విడిగా. బెంగళూరు ఆవిడకి మిలన్ చూడాలనుంటే ఆ రోజు జెనోవా నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు. రోమ్ చూడకపోతే ప్రాణం ఒప్పదంటే, రెండు రోజులు ముందు బయల్దేరి రోమ్ చూసుకుని జెనోవాలో మిమ్మల్ని కలవొచ్చు, డల్లాస్ ఆవిడ కూడా తోడు వెళ్తుందేమో అడగండి. ఆమె వేసిన షీటుని గ్రూపులో తీసిపారేయకండి. గంటలు కూర్చుని వేసిన పని అది. "రైలు టైములు, పడవ టైములు, సమ్మెలు నువ్వే చూడాలి" అని ఆ పని ఆమెకే ఒప్పజెప్పండి. అవి చూసే మనిషి లేకపోతే మీరు నిజంగానే సాన్ ఫ్రుత్తువోసోలో రాత్రంతా ఉండిపోతారు.

వీసా గురించి నాలుగు మాటలు. ఉండేదంతా ఇటలీలోనే కాబట్టి ఇటలీకే షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) దరఖాస్తు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, మరీ ఆలస్యమైనా పదిహేను రోజుల ముందు పెట్టాలి. మే ప్రయాణమంటే జనవరిలోనే పెట్టేయండి. వేసవికి స్లాట్లు దొరకవు. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, సర్వీసు చార్జీ అదనం. కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులు వచ్చే ఇన్సూరెన్స్ తప్పనిసరి. వరంగల్ ఆవిడ గవర్నమెంట్ ఉద్యోగి కాబట్టి విదేశానికి వెళ్లడానికి శాఖ అనుమతి తీసుకోవాలి, ఆ ఫైలు అందరికంటే ముందు మొదలుపెట్టమనండి. డల్లాస్ ఆవిడకి అమెరికా పాస్‌పోర్ట్ ఉంటే వీసా అక్కర్లేదు, ఇండియా పాస్‌పోర్టే అయితే ఆమె కూడా అక్కణ్నుంచి తీసుకోవాలి, గ్రీన్ కార్డు సరిపోదు. దిగాక సరిహద్దు దగ్గర వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి వచ్చింది, క్యూ పెద్దదిగా ఉండొచ్చు. మిలన్ నుంచి రైలుకి మధ్యలో తగినంత టైమ్ పెట్టుకోండి.

చివరికి మీవారి ప్రశ్న. నలుగురు ఉన్నాక ఒంటరి ఎలా అవుతారో ముందు ఆయన్నే చెప్పమనండి. నిజంగా జాగ్రత్త పడాల్సింది జేబుదొంగల దగ్గర, ముఖ్యంగా చింక్వె టెర్రె రైళ్లు ఎక్కే తొక్కిసలాటలో, జెనోవాలో ప్రిన్చిపె స్టేషన్ చుట్టుపక్కల. తిరగడానికి వెళ్లేటప్పుడు పాస్‌పోర్ట్ అద్దె ఇంట్లో పెట్టి కాపీ పట్టుకెళ్లండి, హ్యాండ్‌బ్యాగ్ ముందుకి వేసుకోండి. చీకటిపడ్డాక జెనోవా రేవు దగ్గరి ఇరుకు సందుల్లో అడ్డదారి పడకుండా పెద్ద వీధి మీదే నడవండి. ఏ ఆపదకైనా 112. రాత్రి ఇంటికి చేరాక మెసేజ్ పెడతానని మీవారికి చెప్పండి. అక్కడ రాత్రి పదకొండంటే ఇక్కడ తెల్లవారుజాము రెండున్నర, మేలుకుని కూర్చోకుండా పొద్దున లేచాక చూసుకోమనండి.